మూడో పెడల్

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, క్యాంపస్ లైబ్రరీ మెట్ల మీద కరపత్రాలు పంచుతుంటే టీచరమ్మ ఫోన్ చేశారు. "బాబూ, సార్ వెళ్లిపోయారు," అన్నారు. ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను. ఆవిడ, "టీ తాగారు. పేపరు చూస్తూ చూస్తూ కుర్చీలోనే వెళ్లిపోయారు. నువ్వు ఇంటికి రా," అన్నారు. చేతిలో ఇంకా సగం కట్ట ఉంది. దాన్ని మెట్టు మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన ఒక రాయి ఉంచి, తార్నాకలో ఇంటి దాకా నడిచే వచ్చాను. ఆటో పిలవొచ్చని ఇంటి గేటు ముందుకొచ్చాక గానీ తోచలేదు.

సార్ అంటే మా ఇంటి ఓనరు. వాళ్ల డాబా మీదున్న ఒంటి గదిలో రెండేళ్లుగా ఉంటున్నాను. క్యాంపస్‌లో ఇంజనీరింగ్ పిల్లల వర్క్‌షాప్‌లో ముప్పైనాలుగేళ్లు పని నేర్పి రిటైరయ్యారు. మా గల్లీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరికీ వర్క్‌షాప్ సారే. భార్య బడిలో పాఠాలు చెప్పేవారు కనక టీచరమ్మ. ఇద్దరూ గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాది జనగామ దగ్గర పల్లె.

సార్‌ని తలుచుకోవడానికి ఇంటి దగ్గర పెట్టిన ఆదరణ కూటంలో పాస్టర్ గారు నన్ను లేపి, సార్ గురించి రెండు మాటలు చెప్పమన్నారు. నాకు మైకు కొత్త కాదు. ఎవరూ అడక్కపోయినా లాక్కుని మాట్లాడేవాణ్ణి. ఆరోజు లేచి, మైకు పట్టుకుని, మళ్లీ కూర్చున్నాను. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఇప్పటిదాకా నేను రాసినవన్నీ కరపత్రాలే. వాటిలో పోయినవాళ్లకి జోహార్లు రాస్తాం. సార్‌కి జోహార్లు రాస్తే, "ముందు టీ తాగు, తర్వాత రాద్దువు గానీ," అనేవారు.

ఆ ఇంట్లో చేరిన రెండో వారమే పోట్లాటకి సిద్ధపడ్డాను. మా విద్యార్థి సంఘం పోస్టరు ఒకటి వాళ్ల కాంపౌండు గోడకే అంటించాను. అడగలేదు. గోడ ఎవడబ్బ సొత్తు అని నా లెక్క. గేటు చప్పుడైంది. సార్ బనీను మీద వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని పోస్టరు మొత్తం చదివారు. చింపమంటే ఏమేం అనాలో నోట్లో తయారుగా పెట్టుకున్నాను. ఆయన లోపలికెళ్లి రసమట్టం తెచ్చి పోస్టరు పై అంచుకి ఆనించారు. లోపలి బుడగ ఒక పక్కకి జరిగింది.

"చూశావా? ప్రపంచాన్ని మారుద్దువు గానీ, ముందు దీన్ని తిన్నగా పెట్టబ్బాయ్," అన్నారు.

నేను పీకి మళ్లీ అంటించాను. ఆయన కింది మూల పట్టుకున్నారు.

ఆయన పని నేర్పిన పద్ధతి గురించి పాత శిష్యులు భూస్థాపన రోజు కథలు కథలుగా చెప్పుకున్నారు. మొదటి ఏడాది ఎంత తెలివైనవాడైనా సరే, మిషను ముట్టుకోవడానికి వీల్లేదు. చేతికి ఒక ఇనప ముక్క, ఒక ఆకురాయి ఇచ్చేవారు. వారాల తరబడి రాకడమే. ఇక చాలు అనుకుని తీసుకెళ్తే, ముక్క మీద మూలమట్టం నిలబెట్టి కిటికీ వైపు ఎత్తి, రెండిటి మధ్య సందుందేమోనని ఒక కన్ను మూసి చూసేవారు. "వెలుతురు దూరుతోందిరా. వెళ్లు," అనేవారు. అంతే. చేతులు బొబ్బలెక్కినవాళ్లు ఆయన్ని తిట్టుకునేవాళ్లు. ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్న వాళ్లే శవపేటిక పక్కన నిలబడి అరచేతులు చూసుకున్నారు.

నా కరపత్రాల్ని కూడా అలాగే కిటికీకి ఎత్తి చూసేవారు. "ఇక్కడ వెలుతురు దూరుతోంది. శ్రామికులందరి గొంతు మాదే అని రాశావు. మన గల్లీ చివర ఇస్త్రీ చేసే ఆవిడని ఒక్కసారైనా అడిగావా?" అనేవారు. నాకు ఒళ్లు మండేది. గబగబా మెట్లెక్కి పైకి పోయేవాణ్ణి. సాయంత్రానికి ఆ లైను కొట్టేసేవాణ్ణి.

ఇక బండి సంగతి.

సార్ జీవితమంతా స్కూటరు మీదే తిరిగారు. పోయినేడాది ఒకరోజు నన్ను కిందికి పిలిచి, టేబుల్ మీద రెండు ఫొటోలు పెట్టారు. రెండూ ఒకటే మోడల్. రెండు తలుపులు, నేలకి ఆనుకున్నట్టు పొట్టిగా, ముక్కు ముందుకి సాగి ఉంది. విదేశీ స్పోర్ట్స్ కార్లు, ఎవరో వాడి అమ్మేసినవి.

"ఒకే ఏడాదివి, ఒకే ఇంజను. తేడా ఒక్కటే. దీనికి మూడు పెడల్స్, మాన్యువల్. మూడోది క్లచ్, గేరు మార్చినప్పుడల్లా ఎడమకాలితో తొక్కాలి. దీనికి రెండే, ఆటోమేటిక్. మామూలు ఆటోమేటిక్ అనుకునేవు. దీనికి క్లచ్ లేదంటారు గానీ లోపల రెండున్నాయి. ఒకటి ఈ గేరుని పట్టుకుని నడుపుతుంటే రెండోది తర్వాతి గేరుని ముందే పట్టుకుని కాచుకుని ఉంటుంది. రెప్ప వేసేలోగా మారిపోతుంది. ఏ మనిషి చెయ్యీ అంత వేగంగా మార్చలేదు," అన్నారు. రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, పట్టు వదిలి, పట్టి చూపించారు.

"మీకు స్పోర్ట్స్ కారా సార్?" అన్నాను. "గీడ స్టూడెంట్లు బస్సు ఫుట్‌బోర్డు మీద ఏలాడుతున్నరు. మీరేమో రెండు సీట్ల కారు కొంటరా? ఇగ రేపు కుక్కపిల్లను కూసోవెట్టుకొని తిరుగుండ్రి."

టీచరమ్మ వంటింట్లోంచి నవ్వారు. "బాగా అడిగావు బాబూ. నేనూ అదే అడిగాను, కుక్కపిల్ల తప్ప."

సార్‌కి కోపం రాలేదు. "ముప్పైనాలుగేళ్లు పిల్లలకి గేర్‌బాక్స్‌ని అడ్డంగా కోసి లోపల ఏముందో చూపించాను. చేత్తో తిప్పి చూపించాను. మంచిదాన్ని ఒక్కదాన్ని రోడ్డు మీద నడిపి చూడొద్దా? ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాను. నువ్వు రావాలి. మిగతావాళ్లు ఊరికే తలూపుతారు. నువ్వయితే పోట్లాడతావు," అన్నారు.

ఆ మాటకి పొంగిపోయి వెళ్లాను.

పాత కార్ల యార్డు హబ్సిగూడలో, ఉప్పల్ రోడ్డు మీద ఉంది. యార్డు భాయ్ మంచి మాటకారి. "సార్, రెండూ హీరాలే. ఆటోమేటిక్ మక్ఖన్ లెక్క పోతది. కానీ దిల్‌గ చెప్తున్న, గేర్‌బాక్స్‌ల ఏమన్న అయ్యిందనుకో, తడిసి మోపెడైతది. మాన్యువల్ అయితే రేపు అమ్ముదామన్నా ఎగబడి కొంటరు," అన్నాడు.

"నేను అమ్మడానికి కొనట్లేదయ్యా," అంటూ సార్ రెండు కార్ల బానెట్ల మీద అరచెయ్యి ఆనించారు, ముందే వేడి చేసి పెట్టారేమోనని. మాన్యువల్‌ని మూడో గేరులో వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, క్లచ్ నెమ్మదిగా వదిలారు. ఇంజను గుక్క తిప్పుకోలేక ఠక్కున ఆగింది. "క్లచ్ బతికే ఉంది. జారిపోయేదైతే ఇంజను తిరుగుతూనే ఉండేది," అని నాకు చెప్పారు. ఆటోమేటిక్ దగ్గర పాత సర్వీసు కాగితాలడిగి, గేర్‌బాక్స్ ఆయిలు ఎప్పుడెప్పుడు మార్చారో వేలు పెట్టి చదివారు. భాయ్ నా చెవిలో, "మీ సారు కారు కొంటడా, పిల్లనిస్తడా?" అన్నాడు.

ముందు ఆటోమేటిక్ తీశారు. తార్నాక దాటి క్యాంపస్‌లోకి తిప్పారు. ఆదివారం పొద్దున గనక నడకకొచ్చినవాళ్లు తప్ప రోడ్డంతా ఖాళీ. స్టీరింగు వెనక చెవుల్లా రెండు మీటలుంటాయి. కుడిది వేలితో తాకితే పై గేరు, ఎడమది తాకితే కింది గేరు. సార్ తాకారు. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. ఆయన గట్టిగా నవ్వారు. అంత గట్టిగా నవ్వడం అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. "ఇది నాకన్నా తెలివైందబ్బాయ్! నేను అనుకునేలోపే వేసేస్తోంది!" అన్నారు. ఎడమకాలు హాయిగా వెనక్కి ముడుచుకుని కూర్చున్నారు. అరుగు మీద కూర్చున్నట్టే.

తర్వాత మాన్యువల్. అప్పటికి ఎండెక్కి, తార్నాక చౌరస్తాలో ట్రాఫిక్ బిగుసుకుంది. అడుగు కదలడం, ఆగడం. ప్రతిసారీ ఆ బరువైన క్లచ్ తొక్కడం. సార్ మాట్లాడ్డం మానేశారు. పై పెదవి మీద చెమట పట్టింది. అది ఏకాగ్రత అనుకున్నాను. మనిషికీ యంత్రానికీ మధ్య పోరాటం అనుకున్నాను, ఏదో పుస్తకంలో చదివిన మాట.

యార్డు పక్కన టిఫిన్ సెంటరులో టీ తాగాం. "నువ్వేమంటావ్?" అని అడిగారు.

నేను మొదలుపెట్టాను. మిషను మనిషి చేతిలోంచి పని ఎట్ల గుంజుకుంటదో చెప్పాను. చదివిన చిన్న చిన్న పుస్తకాలన్నీ ఆ టేబుల్ మీద కుమ్మరించాను. "గంతమంది పిల్లలకు చేత్తో పని చెయ్యమని నేర్పి, మీరే ఇప్పుడు చెయ్యి ముడుచుకొని కూసుంటరా సార్? ఆకురాయి పట్టనోన్ని మిషను ముట్టనియ్యలే గదా మీరు!"

పక్క టేబుల్ వాళ్లు ఇడ్లీ ఆపి చూస్తున్నారు. సార్ టీ సాసర్‌లో పోసుకున్నారు. "ఆకురాయి నేర్చుకునేవాడికి అబ్బాయ్. వచ్చేశాక కూడా బతుకంతా రాకుతూ కూర్చోమని నేనెవరికీ చెప్పలేదు," అన్నారు.

అక్కడ ఆగి ఉండాల్సింది. మంచి జవాబు. బదులు లేనప్పుడే నాకు నోరు లేస్తుంది.

"అసలు గది ముసలోళ్ల బండి సార్," అన్నాను. "పైసలున్న ముసలోళ్లది."

ఆయన ఎత్తిన సాసర్‌ని ఎత్తినట్టే కింద పెట్టారు. టీ మిగిలిపోయింది. "పద," అని లేచి, యార్డులోకెళ్లి, "మూడు పెడల్స్‌ది ఇచ్చెయ్యవయ్యా," అన్నారు. భాయ్ నా వైపు తిరిగి, "ఏంది తమ్మీ, పొద్దటి సంది దీని తట్టే సూస్తుండె గదా?" అని ఆటోమేటిక్‌ని చూపించాడు. నేను భుజాలెగరేశాను. మొట్టమొదటిసారి సార్‌తో వాదనలో గెలిచానని ఆరోజంతా గర్వంగా తిరిగాను.

మొదటి వారం ఆయనే నడిపారు. సీతాఫల్‌మండి దాకా ఒకసారి, చర్చికి ఒకసారి. తర్వాత ఒక ఆదివారం తాళాలు నా చేతిలో పెట్టారు. "బండి నిలబడిపోతే బ్యాటరీ దిగిపోతుంది. నువ్వు నేర్చుకో," అన్నారు. ఆయన ఎడమ సీట్లో కూర్చున్నారు.

నేర్పే పద్ధతి విచిత్రంగా ఉండేది. "ముందు కాలు నేర్చుకో, చెయ్యి తర్వాత," అన్నారు. స్టీరింగు నాది, పెడల్స్ నావి. గేరు రాడ్డు మాత్రం ఆయనది. మా ఇద్దరి మధ్యలో ఉన్న ఆ రాడ్డు మీద కుడిచెయ్యి వేసుకుని కూర్చుని, ఇంజను చప్పుడు వింటూ, సమయం రాగానే "నొక్కు," అనేవారు. నేను క్లచ్ నొక్కితే ఆయన గేరు వేసేవారు. "వదులు." నేను వదిలేవాణ్ణి. మొదట్లో బండి కప్పలా ఎగిరిపడేది. "నీ కాలికి కోపం ఎక్కువ. కోపం ఉండనీ, వద్దనను. ఒక్కసారే వదలకు. కొంచెం కొంచెంగా వదులు," అనేవారు.

ఎనిమిది నెలలు. ప్రతి ఆదివారం. రాను రాను "నొక్కు" అనడం కూడా మానేశారు. ఆయన వేళ్లు రాడ్డు మీద బిగిస్తే నా కాలికి తెలిసేది. రెండు నుంచి మూడులోకి ఆయన వేసే గేరు ఎంత మెత్తగా పడేదంటే, చప్పుడు కాదు, రాడ్డు చోటు మారిందని కంటితో చూస్తే గానీ తెలిసేది కాదు. అప్పుడు ఆయన ముఖం చూడాలి.

ఒకసారి మా సంఘం మిత్రుడు మాణికేశ్వర్ నగర్ మలుపులో మమ్మల్ని పట్టుకున్నాడు. కిటికీలో తల పెట్టి, "ఏం కామ్రేడ్, గిండ్ల పోతే విప్లవం జెల్ది వస్తదా?" అన్నాడు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. సార్ ముందుకి వంగి, "వస్తుంది బాబూ. ప్రస్తుతం సెకండ్ గేరులో ఉంది. మీవాడు క్లచ్ సరిగ్గా వదలట్లేదు," అన్నారు. మిత్రుడు కారు పైకప్పు మీద దరువేసి వెళ్లిపోయాడు.

మొన్న చలికాలం చివర్లో నేనే అన్నాను, "ఇయ్యాల మీరు నడపండి సార్, నేను పక్కన కూసుంటా." క్యాంపస్‌లో చెట్ల కింద ఆపాను. ఆయన దిగి చుట్టూ తిరిగి వచ్చి నా సీట్లో కూర్చున్నారు. అద్దం సర్దారు. జేబురుమాలు తీసి స్టీరింగు తుడిచారు. ఎడమకాలు క్లచ్ మీద పెట్టి, చాలాసేపు అలాగే ఉండిపోయారు. పెడల్ కిందికి వెళ్లలేదు. తర్వాత కాలు తీసి, "వద్దులే. సీటు నీ కొలతకి పడింది. నీ కాలు కూడా ఇప్పుడిప్పుడే మాట వింటోంది," అన్నారు.

నేను సంతోషపడ్డాను. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం. నన్ను మెచ్చుకున్నారని సంతోషపడ్డాను.

ఆదరణ కూటం అయ్యాక, వచ్చినవాళ్లంతా భోజనాలు చేసి వెళ్లాక, విజయవాడ నుంచి వచ్చిన కూతురు లోపల గిన్నెలు సర్దుతుంటే టీచరమ్మా నేనూ వరండాలో కూర్చున్నాం. ఎదురుగా కారు. ఎవరో దాని మీద పూలదండ వేలాడేసి వెళ్లారు.

"డాక్టరు ముందే చెప్పారు," అన్నారు టీచరమ్మ, ఉన్నట్టుండి. "ఎడమ మోకాలు అరిగిపోయిందట. అన్నేళ్లు లేతు మిషను ముందు నిలబడీ నిలబడీ. దాని మీద బరువు పెట్టొద్దన్నారు. అందుకే ఆ రెండు పెడల్స్ కారు చూసుకున్నారు. అదే కొంటానని ముందురోజు నాతో కూడా అన్నారు. తీరా చూస్తే ఇది తెచ్చారు. మొదటి వారం నడిపి వచ్చి వేణ్ణీళ్ల కాపడం పెట్టించుకునేవారు. నీకు చెప్పొద్దన్నారు."

నాకు ఎనిమిది నెలల ఆదివారాలన్నీ ఒక్కసారిగా తలకిందులయ్యాయి. ముందు కాలు, తర్వాత చెయ్యి అన్న పాఠం నా కోసం కాదు. ఆయన కాలు పని చెయ్యదు. చెయ్యి పని చేస్తుంది. ఆ బండిని ఆయన నడపడానికి మిగిలిన దారి అదొక్కటే. నా కాలుని అడిగి తీసుకున్నారు, అడుగుతున్నట్టు నాకు తెలియకుండా.

"ముసలోళ్ల బండి అని నేనే అన్ననమ్మా," అన్నాను. "టీ తాగుతుంటే. పదిమంది ముందు."

"తెలుసు బాబూ, తర్వాతెప్పుడో ఆయనే చెప్పారు. ఆరోజు ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డారు. ఏంటని అడిగితే, నేను ముసలాడిలా ఉన్నానా అన్నారు. లేకపోతే ఇంకెలా ఉంటారు అన్నాను నేను." ఆవిడ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని, "అనకపోతే బాగుండేది బాబూ," అన్నారు.

అంతే అన్నారు. కోప్పడలేదు, ఫర్వాలేదనీ అనలేదు. తర్వాత లేచి నాకు అన్నం పెట్టారు.

నేను చదివిన వాటిల్లో తప్పుందని ఇప్పటికీ అనుకోను. చేతిపని గురించి నేను నమ్మింది ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి మోకాలు నాకు కనపడలేదు. పెదవి మీద చెమట కనపడింది, దానికి పుస్తకంలోంచి ఒక పేరు తెచ్చి పెట్టాను. ఆ రెండు పెడల్స్ కారే కొనుంటే ఆయన ఎనిమిది నెలలు ఒక్కరే, ఎవరి కాలూ అడక్కుండా, ఆ మొదటి ఆదివారం నవ్వినట్టు నవ్వుకుంటూ తిరిగేవారు. అది నేను తీసేసుకున్నాను. సార్, మీరు చదవరు గానీ రాస్తున్నాను. క్షమించమని అడిగే సమయం నాకు ఎనిమిది నెలలుండింది. అడగాలని తెలియలేదు.

కారు ఏం చెయ్యాలో కూతురు ఇంకా తేల్చుకోలేదు. అప్పటిదాకా నడుపుతూ ఉండమని టీచరమ్మ తాళాలు నాకే ఇచ్చారు. మొన్న ఆదివారం మొదటిసారి ఒక్కణ్ణే తీశాను. తార్నాక దాటేదాకా మొదటి గేరులోనే, వెనకవాళ్లు హారన్లు కొడుతుంటే, ఎట్లాగో ఈడ్చుకొచ్చాను. క్యాంపస్‌లోకి తిరిగాక రోడ్డు ఖాళీగా, సమంగా ఉంది. తడుముకుంటూ నేనే రెండో గేరు వేశాను. ఇంజను చప్పుడు పెరిగింది. మూడో గేరు వెయ్యాల్సిన సమయమని చెవికి తెలిసింది, కాలు దానంతటదే క్లచ్ నొక్కింది.

నా చేతులు రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి. పక్క సీటు ఖాళీ. రాడ్డు కదల్లేదు. బండి ఏ గేరు పట్టూ లేకుండా, తన ఊపు మీద తానే, చెట్ల నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి నీడలోకి సాగిపోయింది. నేను కాలు తియ్యలేదు. మెల్లమెల్లగా ఊపు తగ్గి, టైర్ల కింద ఎండుటాకులు ఒక్కొక్కటిగా నలిగే చప్పుడు వినపడేంత నెమ్మదించి, రోడ్డు మధ్యలో అదే ఆగింది.